స్టేషను నుండి దిక్కు, దూరము

పోలీసువారు నేరసమాచారమును నమోదు చేయు పత్రములో, అనగా లోకవ్యవహారమున మనము ఎఫ్ఐఆర్ అని పిలుచుకొను కాగితములో, ఒక చిన్న గడి కలదు. నేరము జరిగిన స్థలము స్టేషనునుండి ఏ దిక్కున, ఎంత దూరమున ఉన్నదో అందులో వ్రాయవలెను. కన్నము వేసిన గోడకు ఒక దిక్కుండును. గట్టు తగవులో తలలు పగిలిన చేనికి ఒక దూరముండును. కనుక ఆ గడి నింపుట రైటరుకు ఎన్నడును కష్టము కాలేదు. అంతటి అమాయకమైన గడి యెదుట 2024 శ్రావణమాసములో ఒక సాయంకాలము మేము ముగ్గురము కూర్చుండి, ఏమి వ్రాయవలెనో తోచక, ఇరువది నిమిషములకు పైగా గడిపితిమి.

ఆ ముగ్గురిలో ఒకరు మా ప్రక్కయింటి మాస్టారు. ముప్పదియేండ్లు ఉన్నత పాఠశాలలో భూగోళము బోధించి విశ్రాంతి గైకొన్నవారు. ఇప్పటికిని ఏ ఊరి పేరు చెప్పినను అది ఏ నది యొడ్డున ఉన్నదో చెప్పనిదే సంభాషణ ముందుకు సాగనీయరు. ఆయన పేర వచ్చిన పార్సిలులో మత్తుపదార్థములు దొరికినవనియు, తాము బొంబాయి పోలీసులమనియు, విచారణ ముగియువరకు ఫోను ముందునుండి లేవరాదనియు చెప్పి, యూనిఫారముతో వీడియోలో కనబడిన యొక ఆగంతకుడు మూడు గంటలపాటు ఆయనను పడమటి గదిలోనే కూర్చుండబెట్టి, లక్షా ఎనుబది వేల రూపాయలు మూడు విడతలుగా బదిలీ చేయించుకొనెను. మరునాడు కుమారుడు ఫోనులో విని కేకలు వేసిన పిమ్మట గాని అది మోసమని ఆయనకు తట్టలేదు. 1930 నంబరుకు తెలియజేయునప్పటికే ఆ సొమ్ము, పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పినట్లు, ఖాతానుండి ఖాతాకు మారిపోయినది.

“డబ్బు పోయింది మీ ఫోన్లోంచి మాస్టారూ. పడింది ఇంకో రాష్ట్రం ఖాతాలో. మాట్లాడినవాడు ఎక్కడున్నాడో ఆ దేవుడికే తెలియాలి. ఇందులో నేరస్థలం ఏది వెయ్యమంటారు? మీరే చెప్పండి, భూగోళం మాస్టారు గదా!” అని రైటరు కలము మూసెను. అందులో వెటకారము లేదు, నిజముగానే అడిగినాడు.

వెనుకటి కాలమైనచో “మా హద్దు కాదు” అని ఒక్క మాటతో పంపివేసియుందురు. ఏటిలో కొట్టుకొనివచ్చిన శవమును కఱ్ఱతో ఆవలి యొడ్డుకు నెట్టి, ఆ స్టేషనువారి నెత్తిన వేసి వచ్చిన కానిస్టేబుళ్ల కథలు మన పల్లెలలో వినని వారెవరు? 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను, నేరము ఏ ప్రాంతమున జరిగినను ఏ స్టేషనులోనైనను సమాచారము ఈయవచ్చునని విధించుటచేత ఆ కఱ్ఱకు ఇప్పుడు పని లేకపోయినది. కాని కేసు వ్రాసికొనుట వేరు, గడి నింపుట వేరు. ఆ ఉదంతమంతటిలో హద్దును గూర్చి యే సంకోచమును లేని పోలీసు ఎవడయ్యా అనగా, బొంబాయినుండి మా వీధివరకు అధికారము చెలాయించిన ఆ దొంగ పోలీసొక్కడే.

కంచె తెలిసినవాని మాట

రాజశాసనము నేలను పట్టుకొని పెరిగినది. ఒక ధర్మాసనమునకు విచారణాధికారము ఉన్నదా లేదా యను ప్రశ్నకు మన సివిలు ప్రక్రియాస్మృతి 20వ సెక్షను చెప్పు సమాధానము నేటికిని రెండే మాటలు: ప్రతివాది నివసించు లేక వ్యాపారము చేయు చోటు, వ్యాజ్యకారణము పూర్తిగానో కొంతగానో పుట్టిన చోటు. ఈ రెండును సర్వే రాయి పాతదగిన చోట్లే. అంతర్జాలము పుట్టి పదిమంది వాడుకలోనికి వచ్చిన తొలినాళ్లలో, ఈ రాళ్లు తనకు చెల్లవని అది గర్వించినది. 1996 ఫిబ్రవరి 8న స్విట్జర్లాండులోని దావోస్ నగరమున జాన్ పెర్రీ బార్లో యను అమెరికన్ కవి, పారిశ్రామిక ప్రపంచపు ప్రభుత్వములను ఉద్దేశించి, మా లోకమున మీకు సార్వభౌమాధికారము లేదని యొక స్వాతంత్ర్య ప్రకటన వెలువరించెను. ఈ బార్లో వయోమింగ్ రాష్ట్రములో చాలకాలము పశువుల క్షేత్రమును నడిపినవాడు. కంచె యొక్క విలువ బాగుగ తెలిసినవాడే కంచెలు లేని లోకమును కలగనుట నాకు ఎల్లప్పుడును ముచ్చటగా తోచును.

ఆ కలను కొందఱు అక్షరాలా నమ్మిరి. ఇంగ్లండు తూర్పుతీరమున సఫోక్ కెదురుగా సముద్రములో, రెండవ ప్రపంచయుద్ధకాలమున కట్టిన యొక ఉక్కు కాంక్రీటు దిమ్మ కలదు. దానినొక కుటుంబము ఆక్రమించి సీలాండ్ రాజ్యమని పేరు పెట్టుకొన్నది. 2000లో హేవెన్‌కో యను సంస్థ అక్కడ సర్వర్లు నిలిపి, ఏ దేశపు చట్టమును తగులని చోట మీ సమాచారము దాచెదమని వ్యాపారము ప్రారంభించినది. బ్రిటను 1987లోనే తన సముద్రసీమను మూడు నాటికల్ మైళ్లనుండి పండ్రెండుకు పెంచుకొన్నందున ఆ రాజ్యము బ్రిటిషు నీళ్లలోనే తేలుచుండెననుట వేరు మాట. 2008 నాటికి ఆ వ్యాపారము మూతపడెను. సర్వరు సముద్రములో నున్నను, దానికి విద్యుత్తు, తీగ, జీతగాడు, ఖాతాదారుడు, అందఱును ఏదో యొక ఒడ్డున ఉండవలసినవారే గదా!

పారిస్‌లో ఒక ప్రశ్న

ఒడ్డుమీది న్యాయస్థానములు మేలుకొనుటకు ఎంతో కాలము పట్టలేదు. 2000 ఏప్రిలులో జాతివివక్షకు, యూదు ద్వేషమునకు వ్యతిరేకముగ పనిచేయు సంఘమొకటియు, ఫ్రాన్సు యూదు విద్యార్థుల సమాఖ్యయు కలిసి పారిస్ న్యాయస్థానమున అమెరికా సంస్థయైన యాహూపై దావా వేసినవి. యాహూ వేలము పుటలలో నాజీ పతకములు, జెండాలు, చిహ్నములు అమ్మకమునకు ఉన్నవి. వాటి ప్రదర్శన ఫ్రెంచి శిక్షాస్మృతి ప్రకారము నేరము. యాహూ చెప్పిన సమాధానములో అంతర్జాల వాదమంతయు కలదు: మా సర్వర్లు అమెరికాలో నున్నవి, మా పుట అమెరికనుల కొఱకు, అమెరికా రాజ్యాంగము తొలి సవరణచేత ఇవి మాకు నిషిద్ధములు కావు, ఎవడు ఏ దేశమునుండి వచ్చి చూచునో కనిపెట్టుట సాంకేతికముగా అసాధ్యము.

న్యాయమూర్తి జాఁ-జాక్ గోమెజ్ ఈ చివరి మాటనే పట్టుకొనెను. ముగ్గురు నిపుణులను నియమించి, నిజముగా అసాధ్యమేనా యని అడిగెను. ఆ ముగ్గురిలో నొకరు వింటన్ సెర్ఫ్, అనగా అంతర్జాలమును నడిపించు మూలనియమావళిని రచించిన ఇద్దఱిలో ఒకరు; ఇల్లు కట్టిన మేస్త్రీనే పిలిచి తలుపునకు గడియ పెట్టవచ్చునా యని అడిగినట్లయినది. ఫ్రాన్సునుండి చూచువారిలో నూటికి డెబ్బది మందిని వారి కంప్యూటరు చిరునామానుబట్టి గుర్తింపవచ్చుననియు, జాతీయతను గూర్చి వారినే అడిగినచో తొంబది వఱకు పోవచ్చుననియు నివేదిక వచ్చినది. సందేహములు, మినహాయింపులు నిపుణులు చాలనే చెప్పిరి. కాని వారి లెక్కకంటె నాకు బలమైనదిగా తోచు సాక్ష్యము వేఱొకటి కలదు: ఫ్రాన్సునుండి ఆ పుట తెఱచినవారికి యాహూ ఫ్రెంచి భాషలో ప్రకటనలు చూపుచుండెను. సరకు అమ్మునపుడు తెలిసిన చిరునామా సమను వచ్చునప్పటికి తెలియకుండ పోవునా? 2000 నవంబరు 20న తీర్పు వెలువడెను: మూడు మాసములలో కట్టడి చేయవలెను, కానిచో దినమునకు లక్ష ఫ్రాంకుల జరిమానా.

ఆ మీది కథ సాంతముగా చెప్పిన ఒక పుస్తకమగును. యాహూ 2001 ఆరంభములో ఆ వస్తువులను తన వేలమునుండి తానే తొలగించుచు, పారిస్ తీర్పు తనపై చెల్లదని అమెరికాలో వేఱొక దావా నడిపినది. అక్కడి జిల్లా న్యాయమూర్తి చెల్లదనెను. పై న్యాయస్థానము 2006లో ఆ దావానే కొట్టివేసెను. గెలిచినదెవరు? కాగితముమీద చెప్పుట కష్టము. వేలములోనుండి నాజీ పతకములు మాత్రము పోయినవి. యాహూకు ఫ్రాన్సులో అనుబంధసంస్థ యుండెను, అక్కడ వ్యాపారముండెను. సముద్రము దాటి తీర్పు పోలేకపోయినను, సముద్రము దాటి వచ్చిన వ్యాపారమును అది పట్టుకొనగలదు.

ఈ ఒక్క సంగతియే ఇరువదియైదేండ్ల వివాదములకెల్ల తాళపుచెవి యని నా నమ్మకము. చట్టము ఎంత దూరము పలుకునో దాని చేయి అంత దూరము సాగదు. చేతికి చిక్కునది పలుకుబడి కాదు, పట్టుకొమ్మ. దీనికి ప్రబల నిదర్శనము అమెరికాయే. డాట్ కామ్ పేర్ల మూలపట్టికను నిర్వహించు వెరిసైన్ సంస్థ వర్జీనియాలో ఉన్నది. 2012లో జూదమాడించుచున్నదన్న ఆరోపణపై, కెనడాలోని సంస్థ యొద్ద నమోదైన బోడాగ్ డాట్ కామ్ అను పేరును అమెరికా అధికారులు స్వాధీనపఱచుకొన్నపుడు, వారు కెనడా గడప త్రొక్కవలసిన అవసరమే రాలేదు. వెరిసైన్‌కు కాగితము ఇచ్చిరి, పట్టికలో పేరు మాఱినది. ఊరందఱి ఇంటిపేర్లు వ్రాసిన చిట్టా మన ఇంటి బీరువాలో ఉన్నచో, ఊరిమీద మనకుండు అధికారము అట్టిది.

మఱ్ఱినీడయు మఱ్ఱియూడయు

పుట ఎక్కడ చదువబడినదో అక్కడనే దెబ్బ తగిలినదన్న సిద్ధాంతమును తొలుత నిర్ద్వంద్వముగా చెప్పినది ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానము. మెల్‌బోర్న్ వ్యాపారి జోసెఫ్ గట్నిక్‌ను గూర్చి బారన్స్ అను అమెరికన్ పత్రిక ఒక వ్యాసము ప్రకటించినది. దానిని మోసిన సర్వర్లు న్యూజెర్సీలో నున్నవి గనుక ప్రచురణ న్యూజెర్సీలోనే జరిగినదని యజమానియైన డౌ జోన్స్ వాదించినది. ధర్మాసనము 2002 డిసెంబరు 10న దీనిని త్రోసిపుచ్చెను: పరువునకు భంగము కలుగునది దానిని ఎఱిగినవారు చదివిన చోట, మెల్‌బోర్నువాని పరువు మెల్‌బోర్నులోనే ఉన్నది. మనసునకు ఎక్కు మాట. అయినను దీనిని ఆ చివరివఱకు లాగినచో, ఒక పల్లెటూరి రచయిత తన వ్రాతను చదువగల ప్రతి దేశపు చట్టమును ఔపోసన పట్టిన గాని కలము పట్టరాదన్నమాట.

మన దేశమున ఈ భయమునకు సమాధానము, చిత్రముగా, ఒక హైదరాబాదు వ్యవహారముననే పుట్టినది. ‘బన్యన్ ట్రీ’, అనగా మఱ్ఱిచెట్టు, అను పేర వ్యాపారము చేయు సంస్థ సింగపూరుది. అదే పేరు కలిపి ఇండ్ల నిర్మాణమునకు ప్రచారము చేసిన ప్రతివాదులు హైదరాబాదువారు. దావా పడినది మాత్రము ఢిల్లీలో. వెబ్‌సైటు ఢిల్లీలో కనబడుచున్నది గదా యనుటయే ఆధారము. 2009 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము ఇది చాలదన్నది. ప్రతివాది బుద్ధిపూర్వకముగా ఆ ప్రాంతపు జనులను ఉద్దేశించి వ్యాపారము చేసినట్లును, అక్కడ నిజముగా లావాదేవి జరిగినట్లును చూపవలెను; దావాకోసమని వాదియే పన్ని జరిపించిన కొనుగోలు లెక్కకు రాదు. మఱ్ఱినీడ పడినంత మేర హక్కు లేదు, ఊడ దిగి నేల పట్టిన చోటనే ఉన్నదని నేను దానిని అన్వయించుకొందును. ఆ పేరు గల దావాలో ఈ సూత్రము వెలువడుట కాకతాళీయమే గాని కడు సొగసైన కాకతాళీయము.

మఱియొకటి సికింద్రాబాదుది. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేయు విశాక ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూప్స్‌లో తనను గూర్చి వెలువడిన వ్రాతలు పరువునష్టము కలిగించినవని అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసి, వ్రాసినవారితోపాటు గూగుల్ ఇండియాను గూడ ముద్దాయిగా చేర్చినది. గూగుల్ ఇండియా చెప్పుకొన్నదేమనగా: ఆ సేవను నడుపునది కాలిఫోర్నియాలోని మాతృసంస్థ, మేము చట్టదృష్టిలో వేఱొక వ్యక్తిమి. తల్లి యింటి గోడమీది వ్రాతకు కూతురి యింటికి సమను పంపుట న్యాయమా యన్నమాట. 2011లో హైకోర్టు కేసు కొట్టివేయ నిరాకరించెను. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షను సవరణకు పూర్వమున్న రూపములో శిక్షాస్మృతి క్రింది పరువునష్టమునకు రక్షణ ఈయదనియు, గోడ తల్లిదా కూతురిదా యనునది విచారణలో సాక్ష్యముతో తేలవలసినదనియు నిర్ణయించెను. ఈ పదునొకండేండ్లలో ఆ సంగతి సికింద్రాబాదు పరిధిదా, కాలిఫోర్నియా పరిధిదా యని పెద్దలు తర్కించుచుండగనే, సికింద్రాబాదు తానే ఆంధ్రప్రదేశ్‌నుండి తెలంగాణకు మాఱెను. ఆ కోర్టుకు పైనున్న ఉమ్మడి హైకోర్టు 2019 జనవరి 1న రెండయ్యెను. నేలమీది హద్దులు స్థిరములని ఎవరనిరి?

తల్లీకూతుళ్ల వాదముతో విసిగియే కాబోలు, కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో చేసిన నియమములలో మనుష్యులనే అడిగినది. ఏబది లక్షలకు మించి వాడుకదారులున్న సామాజిక మాధ్యమము ప్రతియొకటియు, చట్టపాలనకు జవాబుదారియైన అధికారిని, పోలీసులతో సంప్రదించు నొకరిని, ఫిర్యాదులు వినునొకరిని, ఈ మువ్వురను భారతదేశ నివాసులనే నియమింపవలెను. పూర్వము సామంతులు తమ కుమారులను చక్రవర్తి కొలువులో నుంచినట్లు! కాలిఫోర్నియాలోని యజమాని ఆజ్ఞ మీఱినచో బెంగళూరులోని ఉద్యోగి బోనెక్కవలసియుండుటలో కొంత క్రూరత లేకపోలేదు. అయితే సామాన్యుడు అర్జీ పెట్టుకొనుటకు ఒక ముఖము, ఒక చిరునామా దొరకినవనుట గూడ నిజమే. ఈ నియమమును నేను నిరసింపలేను.

నిరసింపవలసినది గుట్టు. సమాచార సాంకేతిక చట్టము 69ఎ సెక్షను క్రింద ఒక పుటనో ఖాతానో దేశమున కనబడకుండ చేయు అధికారము కేంద్రమునకు కలదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించినది దీని క్రిందనే. 66ఎ సెక్షనును కొట్టివేసిన 2015 మార్చి 24 నాటి శ్రేయా సింఘాల్ తీర్పులోనే సుప్రీంకోర్టు 69ఎను నిలిపెను; కారణములు వ్రాతలో నుండవలెననియు, వాటిని సవాలు చేయవచ్చుననియు గుర్తుచేసెను. కాని 2009 నాటి నిషేధ నియమములలో 16వది ఫిర్యాదులను, చర్యలను గోప్యముగ నుంచుమనుచున్నది. కారణము వ్రాసి పెట్టెలో దాచినచో, సవాలు చేయవలసినవాడు దేనిని చదివి సవాలు చేయును? హద్దు రాయి పాతుట ప్రభుత్వపు హక్కే కావచ్చును, కాని రాత్రివేళ పాతిన రాయిని తెల్లవాఱి ఊరు నమ్మదు.

ఇక తన దేశమున తొలగించిన దానిని లోకమంతట తొలగింపుమని శాసించు తీర్పులు కలవు. 2017లో కెనడా సుప్రీంకోర్టు ఈక్వుస్టెక్ కేసులో గూగుల్‌ను అట్లే ఆజ్ఞాపించగా, కొలదినెలలకే కాలిఫోర్నియా న్యాయమూర్తి అది అమెరికాలో చెల్లదనెను. 2019లో ఐరోపా న్యాయస్థానము ఫ్రాన్సు కోరికను మన్నింపక, తనను గూర్చిన పాత సంగతులను శోధనలో కనబడకుండ తీసివేయుమని కోరు మఱపు హక్కు ఐరోపా సమాఖ్య మేరకే యని సాధారణనియమము చేసెను. అదే సంవత్సరము అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు బాబా రామ్‌దేవ్ దావాలో, భారతదేశమునుండి ఎక్కించిన వీడియోలను ప్రపంచమంతటను తీసివేయవలెననియు, బయటినుండి ఎక్కించిన వాటిని ఇక్కడ కనబడకుండ చేసిన చాలుననియు విభజించెను. దెబ్బ ఎక్కడ తగిలినదని కాక, ఱాయి ఎక్కడనుండి విసరబడినదని చూచిన తీర్పు ఇది. తెలివైనదే గాని, ఇట్లే ప్రతి దేశమును తన నేలపై పుట్టిన మాటను లోకమంతట చెఱుపసాగినచో, అతికఠినుడైన రాజు చట్టమే అందఱికిని చట్టమగును.

తెలిసిన గొంతు

ఇన్ని ధర్మాసనముల మాటలు ఆ సాయంకాలము రైటరుకు చెప్పలేదు. చెప్పినను ఆయన పని ముందుకు సాగియుండదు. మన సమాచార సాంకేతిక చట్టము 75వ సెక్షను ప్రకారము, ఏ దేశీయుడు ఏ దేశమున కూర్చుండి చేసినను, భారతదేశములోని కంప్యూటరునకు సంబంధించినదైనచో ఆ చట్టము క్రింది నేరము మన చట్టమునకు లోబడును. 2000నుండి ఈ వాక్యము పుస్తకములో నున్నది. ఎవని ఫోనో, ఏ ఊరినుండియో తెలియవలెనన్న విదేశపు సంస్థ చెప్పవలెను. అది చెప్పవలెనన్న పలుమాఱులు ఆ దేశముతో పరస్పర సహకార ఒడంబడిక ద్వారా అభ్యర్థన పోవలెను. అమెరికాతో అట్టి ఒడంబడిక మనకు 2005నుండి అమలులో నున్నది. కోట్ల రూపాయల వ్యాపారి కొఱకు ఆ త్రోవన కాగితము నడచునేమో. లక్షా ఎనుబది వేల మాస్టారి కొఱకు అది నడచునని ఆశించుటకు నాకు ధైర్యము చాలదు.

రైటరు కడకు తానే ఒక మార్గము కనుగొనెను. “ఫోన్ పట్టుకుని ఎక్కడ కూర్చున్నారు మాస్టారూ?” అనెను. “పడమటింట్లో.” “అయితే అదే నేరస్థలం” అని గడిలో వ్రాసికొనెను: ఫిర్యాది గృహము, పడమటి గది, స్టేషనుకు ఈశాన్యమున, కిలోమీటరున్నర. దెబ్బ తగిలిన చోటనే నేరమున్నదని మెల్‌బోర్న్ వ్యాపారి కేసులో అంతమంది న్యాయమూర్తులు పుటలకొలది వ్రాసి తేల్చినదానిని ఈ మనిషి ఒక వరుసలో తేల్చెను.

తిరిగి వచ్చుచుండగా మాస్టారు చాలసేపు మాటలాడలేదు. తన జేబులోనుండి మడతపెట్టిన వార్తాపత్రిక ముక్క తీసి నాకిచ్చిరి. ఆ యేడు మే మాసములో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన సంగతి అది: డేటా ఎంట్రీ ఉద్యోగములని ఆశపెట్టి కంబోడియాకు తరలించిన మన యువకులచేత, అక్కడి ముఠాలు బెదిరించి, ఇట్టి ఫోను మోసములే చేయించుచున్నవి, వారిలో కొందఱు ఆ నెలలోనే విశాఖకు తిరిగి చేరిరి.

“బొంబాయివాడు హిందీలో మొదలుపెట్టాడండీ. నాకు రాదనేసరికి తెలుగు తెలిసిన ఆఫీసరని ఇంకొకణ్ణి లైన్లోకి తెచ్చాడు. వాడిది మన జిల్లా యాసే. ‘మాస్టారూ, భయపడకండి’ అన్నాడు. ఏ బళ్లో చదివాడో, ఏమో. అవతల వాడి నెత్తిమీద ఎవడు నిలబడ్డాడో!” అని నిట్టూర్చిరి.

నేనేమియు చెప్పలేదు. వీధి మలుపునొద్ద దీపస్తంభము క్రింద ఆయన ఆగి, కళ్లజోడు సవరించుకొని, ఎఫ్ఐఆర్ ప్రతిని వెలుతురునకు పట్టి మఱియొకమాఱు చదివికొని,

“చూశారా, దిక్కు తప్పు వేశాడండీ. స్టేషనుకు మనిల్లు ఈశాన్యం కాదు, వాయవ్యం” అని, దిద్దించుటకై వెనుదిరిగిరి.